కణాలు నశించినా మిగిలిన మేలు: గుండెజబ్బుకు వెసికిల్స్ చికిత్స ఎంతవరకు వచ్చింది?

గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన ధమనిని తెరిచి రక్తం మళ్లీ పారేలా చేయడం నేటి వైద్యానికి బాగా అలవాటైన పని. అయితే ధమని తెరుచుకునేలోగా చచ్చిపోయిన కండరాన్ని తిరిగి తెచ్చిపెట్టే మందు మాత్రం ఇప్పటివరకూ లేదు. గుండెలో ప్రధానంగా పంపు చేసే ఎడమ జఠరికలో 200 కోట్ల నుంచి 400 కోట్ల దాకా కండర కణాలు ఉంటాయని అంచనా. పెద్ద గుండెపోటులో కొద్ది గంటల వ్యవధిలోనే వాటిలో 100 కోట్ల వరకు నశించిపోవచ్చు. వాటి స్థానంలో కొత్త కణాలు పుట్టే వేగం ఎంత తక్కువో 2009లో స్వీడన్‌కు చెందిన యొనాస్ ఫ్రిసేన్ బృందం లెక్కగట్టింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతూ వచ్చిన కార్బన్-14 జాడను కణాల డీఎన్ఏలో కొలిచి, ఏ కణం ఏ కాలంలో పుట్టిందో వారు తేల్చారు. పాతికేళ్ల వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి సుమారు 1 శాతం మాత్రమే కొత్తవి వస్తాయి, డెబ్బై ఐదేళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. అందుకే పోయిన కండరం ఉన్నచోట మచ్చ ఏర్పడుతుంది. మచ్చ గోడను పట్టి ఉంచుతుంది కానీ ముడుచుకోదు, కాబట్టి మిగిలిన కండరం మీద భారం పెరిగి, గుండె క్రమంగా సాగి, చివరకు గుండె వైఫల్యానికి దారితీస్తుంది.

ఈ లోటును పూడ్చడానికి ఇప్పుడు పరిశోధకులు ఆశగా చూస్తున్నవి ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్. కణాలు తమలోంచి బయటకు విడిచే అతి సూక్ష్మమైన తిత్తులు ఇవి. కణపొర లాంటి కొవ్వు పొరతో చుట్టి ఉండి, లోపల ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ ముక్కలు, కొవ్వు పదార్థాలు మోస్తుంటాయి. వీటి గురించి రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. గుండెను తిరిగి మొలిపించే అద్భుతమని ఒక వైపు, ఇంకా ఏమీ రుజువు కాలేదన్న కొట్టివేత మరో వైపు. నా ఉద్దేశంలో రెండూ అసలు విషయాన్ని దాటేస్తున్నాయి. జంతువుల్లో మేలు కనిపించిందన్నది గట్టి సంగతే. కానీ ఆ మేలు తిత్తిలోని దేని వల్ల కలుగుతోంది, దాన్ని ఎలా కొలవాలి, గుండెకు ఎలా చేర్చాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు సగమే దొరికింది. ఆ మిగతా సగం తేలితే తప్ప ఇది మందు కాదు.

మూలకణాల వైఫల్యం నుంచి పుట్టిన ఆలోచన

వెసికిల్స్ మీద ఇంత ఆసక్తి ఎందుకు వచ్చిందో తెలియాలంటే మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల కణాల) చికిత్స కథ తెలియాలి. 2001లో ఎలుకల గుండెలోకి ఎముక మజ్జ కణాలను ఎక్కిస్తే అవి కొత్త గుండె కండరంగా మారాయని ఒక పరిశోధన ప్రకటించింది. ప్రపంచమంతా ఉత్సాహం ఉప్పొంగింది, ఆసుపత్రుల్లో మనుషుల మీద ప్రయోగాలు కూడా వెంటనే మొదలయ్యాయి. మూడేళ్లు తిరగకముందే, 2004లో, రెండు వేర్వేరు ప్రయోగశాలలు అదే ప్రయోగాన్ని జాగ్రత్తగా చేసి, మజ్జ కణాలు కండర కణాలుగా మారడం లేదని చూపించాయి. ఆ తొలి వాదనను ముందుకు నడిపిన పియెరో అన్వెర్సా ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పరిశోధన పత్రాలను ఉపసంహరించాలని హార్వర్డ్ మెడికల్ స్కూల్, దాని అనుబంధ ఆసుపత్రి 2018లో సిఫారసు చేశాయి. ఆధునిక హృద్రోగ పరిశోధనలో ఇంత బాధ కలిగించే అధ్యాయం మరొకటి లేదనే చెప్పాలి. రోగుల ఆశ, పరిశోధకుల ఏళ్ల శ్రమ రెండూ దారి తప్పాయి.

అయినా ఆ శిథిలాల్లో ఒక చిక్కుముడి మిగిలింది. ఎక్కించిన కణాల్లో అత్యధిక భాగం కొద్ది రోజుల్లోనే గుండె నుంచి మాయమైపోతున్నాయి, మిగిలిన కొద్దిపాటివి కండరంగా మారడం లేదు. అయినా చాలా జంతు ప్రయోగాల్లో మచ్చ చిన్నదవుతోంది, గుండె పనితీరు కొంత మెరుగవుతోంది. కణం లేకుండా పోయాక కూడా మేలు ఎలా మిగులుతుంది? కణం ఉన్న కాసేపట్లో ఏదో వదిలి వెళ్తోందన్నదే సహజమైన ఊహ.

2005లో అమెరికాలో విక్టర్ జావ్ బృందం ఆ ఊహను పరీక్షించింది. మూలకణాలను కాకుండా, వాటిని పెంచిన ద్రవాన్ని మాత్రమే గుండె దెబ్బతిన్న ఎలుకలకు ఇచ్చారు. నష్టం తగ్గింది. అయితే ఆ ద్రవంలో వందలాది పదార్థాలు ఉంటాయి. వాటిలో పనిచేస్తున్నది ఏది? దీన్ని తేల్చిన తీరు నాకు ఈ రంగం మొత్తంలో అత్యంత అందమైన తర్కంగా అనిపిస్తుంది. సింగపూర్‌కు చెందిన సాయి కియాంగ్ లిమ్, నెదర్లాండ్స్‌కు చెందిన డొమినిక్ డి క్లైన్ బృందాలు కలిసి ఆ ద్రవాన్ని పరిమాణం ప్రకారం వడపోసి, ఏ భాగంలో శక్తి ఉందో చూస్తూ పోయాయి. విడి ప్రోటీన్లు, వృద్ధి కారకాలు ఉండే చిన్న అణువుల భాగం పనిచేయలేదు. 1000 కిలోడాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) మించిన భాగం మాత్రమే పందుల గుండెను కాపాడింది. ఏ విడి ప్రోటీనూ మామూలుగా అంత పెద్దది కాదు. అంటే పనిచేస్తున్నది చాలా అణువులు కలిసి కూర్చుకున్న ఒక నిర్మాణమై ఉండాలి. 2010లో ఆ నిర్మాణం ఎక్సోసోములనే ఒక రకం వెసికిల్సేనని, వాటిని వేరుచేసి ఇచ్చినా ఎలుకల్లో గుండె కండరానికి జరిగే నష్టం తగ్గుతోందని వారు ప్రకటించారు.

తర్వాత వచ్చిన రెండు పరిశోధనలు ఈ వాదనకు బలం చేకూర్చాయి. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రిలో ఎడ్వర్డో మర్బాన్ బృందం గుండె నుంచే తీసి పెంచిన కణాలతో పనిచేస్తుంది. తిత్తులు విడుదల కాకుండా అడ్డుపడే ఒక రసాయనాన్ని ఆ కణాలకు ఇస్తే వాటి మేలు చేసే శక్తి పోయిందని, తిత్తులను మాత్రమే ఇస్తే ఆ శక్తి తిరిగి కనిపించిందని 2014లో వారు చూపించారు. చర్మపు ఫైబ్రోబ్లాస్టుల (కణజాలాన్ని పట్టి ఉంచే పీచును తయారుచేసే కణాల) నుంచి తీసిన తిత్తులకు ఆ ప్రభావం లేదు, కాబట్టి ఏ తిత్తి అయినా సరిపోతుందన్న అనుమానానికి తావు లేకుండా పోయింది. 2016లో పారిస్‌లో ఫిలిప్ మెనాషే బృందం పిండ మూలకణాల నుంచి తయారుచేసిన గుండె పూర్వకణాలనూ (గుండె కణాలుగా ఎదగబోయే కణాలనూ), వాటి తిత్తులనూ పక్కపక్కన పెట్టి ఎలుకల్లో పోల్చి, తిత్తులు కణాలకు తీసిపోలేదని తేల్చింది.

తిత్తులన్నీ ఒకటి కావు

వెసికిల్స్ అన్న ఒక్క మాట కింద కనీసం మూడు రకాలను కలిపి చెబుతుంటారు. కణంలోపలి గదుల్లో రూపుదిద్దుకుని, ఆ గది కణపొరతో కలిసినప్పుడు బయటపడేవి ఎక్సోసోములు. ఇవి దాదాపు 30 నుంచి 150 నానోమీటర్ల వ్యాసం కలవి. కణపొర తనంత తాను బయటకు ఉబ్బి తెగిపడితే మైక్రోవెసికిల్స్ ఏర్పడతాయి, ఇవి 1000 నానోమీటర్ల వరకు ఉండవచ్చు. చనిపోతున్న కణం ముక్కలైనప్పుడు వచ్చేవి ఇంకా పెద్దవి. ఒకసారి బయటకు వచ్చాక వీటిని పుట్టుక ప్రకారం వేరుచేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే పరిమాణాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు ఎక్సోసోమ్ అనడానికి బదులు వెసికిల్స్ అనే విస్తృతమైన పేరునే వాడుతున్నారు.

చాలాకాలం వీటిని కణం బయట పారేసే చెత్తగానే చూశారు. 1946లో ఎర్విన్ చార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే సూక్ష్మ రేణువులను ప్లాస్మాలో గుర్తించారు. 1967లో పీటర్ వోల్ఫ్ అవి ప్లేట్‌లెట్ల నుంచి రాలిన పొడి లాంటివన్నారు. 1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్, సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందాలు ఎదుగుతున్న ఎర్ర రక్తకణాలు తమకు ఇక అక్కరలేని ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలను (ఇనుమును లోపలికి తెచ్చుకునే ఉపరితల ప్రోటీన్లను) తిత్తుల్లో పెట్టి బయటకు తోసేస్తున్నాయని చూశాయి. అసలు మలుపు 2007లో వచ్చింది. స్వీడన్‌లో యాన్ లోట్వాల్ బృందం ఎలుక కణాల తిత్తులను మనిషి కణాలకు చేర్చినప్పుడు, ఆ మనిషి కణాల్లో ఎలుక ప్రోటీన్లు తయారయ్యాయి. తిత్తిలోని ఆర్ఎన్ఏ అవతలి కణంలో పనిచేసిందన్నమాట. అంతవరకు చెత్త అనుకున్నది సమాచారంగా మారింది.

గుండె విషయంలో మాత్రం చెత్త అన్న పాత అర్థం కూడా పూర్తిగా తప్పు కాదు. 2020లో మాడ్రిడ్‌లో ఆంద్రెస్ ఇదాల్గో బృందం ఎలుక గుండెలో గమనించిన సంగతి చూడండి. కండర కణం నిర్విరామంగా పనిచేస్తుంది కాబట్టి దానిలోని మైటోకాండ్రియాలు (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు) త్వరగా పాడవుతాయి. అలా పనికిరాకుండా పోయినవాటిని ఆ కణం సుమారు 3.5 మైక్రాన్ల పెద్ద తిత్తుల్లో చుట్టి బయటకు నెట్టేస్తుంది. కండర కణాల మధ్య కాపలా ఉండే మ్యాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వాటిని మింగి శుభ్రం చేస్తాయి. ఆ మ్యాక్రోఫేజ్‌లను తొలగిస్తే చెడిపోయిన మైటోకాండ్రియాలు పేరుకుపోయి గుండె పనితీరు దెబ్బతింటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా రోజంతా తిత్తులు విడుస్తూనే ఉంటుంది, అవి లేకుండా దానికి గడవదు.

అలాగని ప్రతి తిత్తీ మేలు చేసేది కాదు. ఒత్తిడికి గురైన గుండె విడిచే తిత్తుల్లో రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్‌కు గ్రాహకాలు ఉంటాయని, అవి ఇతర కణాలకు చేరి అక్కడ పనిచేయగలవని 2015లో తేలింది. మచ్చ కట్టే ఫైబ్రోబ్లాస్టుల తిత్తులు ఒక మైక్రో ఆర్ఎన్ఏను (జన్యువుల పనిని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ ముక్కను) కండర కణాలకు చేరవేసి అవి ఉబ్బి మందమయ్యేలా చేస్తాయని అంతకు ముందే ఒక పరిశోధన చూపింది. ప్లేట్‌లెట్ల తిత్తుల ఉపరితలం మీద ఫాస్ఫాటిడిల్‌సెరిన్ అనే కొవ్వు బయటకు తిరిగి ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే చర్యకు వేదికగా పనిచేస్తుంది. గుండెపోటు రోగికి గడ్డలే సమస్య అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి తిత్తి మంచిదా చెడ్డదా అన్నది ఏ కణం, ఏ పరిస్థితిలో దాన్ని విడిచిందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

దెబ్బతిన్న గుండెలో అవి చేసేదేమిటి

ధమని మూసుకున్నప్పుడు ఆక్సిజన్ అందక జరిగే నష్టం ఒకటి. ధమని తెరుచుకుని రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు జరిగే నష్టం మరొకటి. రెండోది వినడానికి విచిత్రంగా ఉన్నా నిజం. ఆక్సిజన్ తిరిగి రాగానే మైటోకాండ్రియాల్లో విధ్వంసక ఆక్సిజన్ రూపాలు పెల్లుబుకుతాయి, కాల్షియం పోటెత్తుతుంది, మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి, కణం చనిపోతుంది. దాని వెంటే వాపు మొదలవుతుంది. న్యూట్రోఫిల్స్, ఆ తర్వాత మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వచ్చి శిథిలాలను తొలగిస్తాయి. ఈ దశ మితిమీరితే బతికి ఉన్న కండరం కూడా నష్టపోతుంది. చివరి దశలో ఫైబ్రోబ్లాస్టులు మచ్చను అల్లుతాయి, కొత్త రక్తనాళాలు కొద్దిగా మొలుస్తాయి.

జంతు ప్రయోగాల్లో వెసికిల్స్ ఈ అంచెలన్నింటిలోనూ కొంత పని చేసినట్టు కనిపిస్తాయి. కండర కణాలు చనిపోకుండా కాపాడతాయి, మ్యాక్రోఫేజ్‌లను రెచ్చిపోయే స్వభావం నుంచి బాగుచేసే స్వభావానికి మళ్లిస్తాయి, రక్తనాళాల పెరుగుదలకు ఊతమిస్తాయి, మచ్చ విస్తరించకుండా ఆపుతాయి. గమనించాల్సిందేమిటంటే, వీటిలో చాలావరకు ఉన్నదాన్ని కాపాడే పనులే. పోయిన వంద కోట్ల కణాలను ఇవి మళ్లీ పుట్టిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. గుండె తిరిగి మొలుస్తుందని ఎవరైనా చెబితే అది ప్రయోగఫలితాలను మించిన మాట.

ఇంతకీ తిత్తిలో పనిచేసేదేమిటి? ఎక్కువ పరిశోధనలు ఏదో ఒక మైక్రో ఆర్ఎన్ఏను చూపిస్తాయి. మర్బాన్ బృందం మిర్-146ఏ అనే దాన్ని, తర్వాత మ్యాక్రోఫేజ్‌ల విషయంలో మిర్-181బి అనే దాన్ని ముందుకు తెచ్చింది. మైక్రో ఆర్ఎన్ఏ ఒక్కటే ఎన్నో జన్యువుల పనిని తగ్గించగలదు కాబట్టి ఈ వివరణ ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ 2014లో సియాటిల్ పరిశోధకులు ఒక సాదా లెక్క వేశారు. తిత్తులను లెక్కపెట్టి, వాటిలోని మైక్రో ఆర్ఎన్ఏ ప్రతులను లెక్కపెట్టి, ఒకదానితో మరొకటి భాగించారు. బాగా సమృద్ధిగా ఉందనుకునే మైక్రో ఆర్ఎన్ఏ ఒక్క ప్రతి దొరకాలన్నా సగటున వందకు పైగా ఎక్సోసోములను వెతకాల్సి వచ్చింది. ఒక కండర కణంలో ఏదైనా జన్యువును గణనీయంగా అణచాలంటే ఆ మైక్రో ఆర్ఎన్ఏ ప్రతులు పెద్ద సంఖ్యలో కావాలి. తిత్తిలో సరుకు అంత పలుచగా ఉంటే, అందులోనూ తిత్తిని మింగిన కణం దాన్ని చాలావరకు జీర్ణం చేసేస్తుంటే, ఆ లెక్క ఎలా కుదురుతుంది?

ఈ ప్రశ్నను చాలా వ్యాసాలు మౌనంగా దాటేస్తాయి, దాటేయకూడదని నా గట్టి అభిప్రాయం. దీనికి రావాల్సిన జవాబు తిత్తులు పనిచేయవని కాదు, ఎందుకంటే ఫలితం కళ్లముందు ఉంది. బహుశా పని జరిగే దారి వేరు కావచ్చు. కొన్ని తిత్తుల్లో మాత్రమే సరుకు దట్టంగా ఉండవచ్చు. లేదా అవి కణంలోకి దూరకుండానే, ఉపరితలం మీది ప్రోటీన్లతో కణపు గ్రాహకాన్ని తట్టి పని జరిపించవచ్చు. లండన్‌లో డెరెక్ యెలన్, షాన్ డేవిడ్‌సన్ బృందం 2015లో చూపించింది ఇలాంటిదే. రక్తంలోని తిత్తుల మీద ఉండే హెచ్ఎస్‌పీ70 అనే ప్రోటీన్ కండర కణం మీది ఒక గ్రాహకాన్ని తాకి, లోపల రక్షణ చర్యలను మొదలుపెడుతుంది. దీనికి ఆర్ఎన్ఏ లోపలికి చేరనవసరం లేదు. మరికొన్ని తిత్తులు ఎంజైములను మోస్తాయి, ఇంకొన్ని పూర్తి మైటోకాండ్రియాలనే మోసుకొస్తాయి. ఇది పండితుల తర్కవితర్కం మాత్రమే కాదు. మందులో పనిచేసే పదార్థం ఏదో తెలియకపోతే ప్రతి బ్యాచ్‌లో దాన్ని కొలిచే పరీక్షను రూపొందించడం చాలా కష్టం. ఆ పరీక్ష లేకపోతే నిన్నటి సీసా, నేటి సీసా ఒకటేనని చెప్పలేం.

గుండెకు చేర్చడమెలా

నరంలోకి ఎక్కించిన తిత్తులు రక్తంలో ఎక్కువసేపు ఉండవు. నిమిషాల్లోనే వాటిలో అధికభాగాన్ని కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు పట్టేస్తాయి. ఆ అవయవాల్లోని మ్యాక్రోఫేజ్‌లు ఇలాంటి రేణువులను ఏరివేయడానికే ఉన్నాయి. గుండెకు చేరేది కొద్దిపాటి భాగమే.

చేర్చే దారిని బట్టి ఫలితం తారుమారవుతుందనడానికి 2017లో పందుల మీద జరిగిన ఒక ప్రయోగం మంచి ఉదాహరణ. గుండె కణాల తిత్తులను గుండెకు రక్తమందించే కరోనరీ ధమనిలోకి ఎక్కిస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. అవే తిత్తులను సూదితో నేరుగా గుండె కండరంలోకి ఇస్తే మచ్చ తగ్గింది, పనితీరు నిలబడింది. పంది గుండె మనిషి గుండెకు పరిమాణంలోనూ నిర్మాణంలోనూ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు. కానీ గుండెపోటుతో వచ్చిన రోగి గుండె గోడలో పలుచోట్ల సూదులు గుచ్చడం మామూలు చికిత్స అయిపోదు.

ఇంకో మార్గం పట్టీ. 2018లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గోర్డానా వున్యాక్-నొవాకొవిచ్ బృందం, ప్రయోగశాలలో తయారైన గుండె కండర కణాల తిత్తులను మెత్తని హైడ్రోజెల్ పట్టీలో నింపి ఎలుక గుండె మీద అతికించింది. తిత్తులు నెమ్మదిగా విడుదలయ్యాయి, మచ్చ చిన్నదైంది, లయ తప్పడం కూడా తగ్గింది. ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స ఎలాగూ జరుగుతున్న రోగికి ఇది సాధ్యమయ్యే దారే. మిగతావారికి కాదు.

తిత్తి ఉపరితలం మీద దెబ్బతిన్న గుండెను గుర్తుపట్టే పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) అమర్చడం, లోపల కోరిన ఆర్ఎన్ఏను నింపడం, మ్యాక్రోఫేజ్‌లు మింగకుండా సీడీ47 అనే ప్రోటీన్‌ను తొడగడం వంటి ప్రయత్నాలు విస్తారంగా సాగుతున్నాయి. చిన్న జంతువుల్లో ఇవి కొంత మెరుగుదల చూపాయి. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. విద్యుత్ ప్రేరణతో తిత్తుల్లోకి ఆర్ఎన్ఏ నింపామనుకున్న సందర్భాల్లో, నిజానికి ఆ ఆర్ఎన్ఏ బయటే ముద్దకట్టి, లోపలికి పోయినట్టు భ్రమ కల్పించిందని 2013లోనే బయటపడింది.

మరోవైపు, తిత్తులు గుండెకు చేరకపోయినా మేలు చేయగలవన్న ఆలోచనను కూడా కొట్టిపారేయలేం. గుండెపోటు తర్వాత గుండెలోకి వచ్చి వాపును పెంచే మోనోసైట్లలో గణనీయమైన భాగం ప్లీహం నుంచి వస్తుంది. ప్లీహంలో చిక్కుకున్న తిత్తులు అక్కడి రోగనిరోధక కణాల స్వభావాన్ని మారిస్తే, ఆ మార్పు గుండెదాకా వెళ్లవచ్చు. ఈ లెక్కన తిత్తులను గుండెకు చేర్చలేకపోవడం లోపం కాకపోవచ్చు. నరంలో ఎక్కించే సులభమైన పద్ధతికి ఇదే ఆధారం. ఇది మనుషుల్లో రుజువు కావలసిన మాట, అయినా అందుకే నాకు దీన్ని పరీక్షించడం ఎంతో ముఖ్యమనిపిస్తుంది.

సీసాలో ఏముందో చెప్పగలగాలి

కణాల కంటే తిత్తులకు కొన్ని స్పష్టమైన అనుకూలతలు ఉన్నాయి. అవి విభజన చెందవు కాబట్టి కణితిగా మారే భయం లేదు. 220 నానోమీటర్ల రంధ్రాలున్న వడపోతతో బ్యాక్టీరియాను తొలగించవచ్చు, గడ్డకట్టించి నిల్వ చేయవచ్చు, అవసరమైనప్పుడు మళ్లీ మళ్లీ ఇవ్వవచ్చు. ప్రయోగశాలలో పెంచిన కండర కణాలను కోతుల గుండెలో నాటినప్పుడు, అవి పాతుకున్నప్పటికీ గుండె లయ ప్రమాదకరంగా తప్పిందని 2014లో తేలింది. తనంత తాను కొట్టుకోలేని తిత్తితో ఆ తరహా ముప్పు ఉండదు.

ఇబ్బందంతా తయారీలో ఉంది. కణాలను పెంచిన ద్రవాన్ని గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పి తిత్తులను అడుగుకు దింపడం పాత పద్ధతి. దానితో తిత్తులతోపాటు ప్రోటీన్ ముద్దలు కూడా దిగుతాయి. పెద్ద మొత్తాల కోసం సన్నని గొట్టాల పొరల గుండా ద్రవాన్ని పక్కవాటుగా ప్రవహింపజేసే వడపోతలు, పరిమాణం ప్రకారం వేరుచేసే స్తంభాలు వాడుతున్నారు. ఏ పద్ధతి వాడితే చేతికొచ్చే మిశ్రమం ఆ విధంగా మారుతుంది. రక్తం నుంచి తీసేటప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్లాస్మాలో కొలెస్ట్రాల్ మోసే లైపోప్రోటీన్ల సంఖ్య తిత్తుల సంఖ్యకు ఎన్నో రెట్లు ఎక్కువ, పరిమాణంలోనూ కొన్ని కలిసిపోతాయి. రేణువులను లెక్కపెట్టే యంత్రానికి తిత్తి ఏదో, లైపోప్రోటీన్ ఏదో తెలియదు. సీసా మీద ఇన్ని వందల కోట్ల ఎక్సోసోములని రాసి ఉంటే, నిజానికి అది అన్ని రేణువులు అన్న అర్థం మాత్రమే కావచ్చు.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంతర్జాతీయ సంఘం 2014లో కనీస ప్రమాణాలను ప్రకటించి, 2018లోనూ 2023లోనూ సవరించింది. తిత్తులపై ఉండాల్సిన ప్రోటీన్లు ఉన్నాయని చూపడమే కాదు, ఉండకూడనివి లేవని కూడా చూపాలన్నది వాటి సారాంశం.

మనుషుల దాకా వచ్చింది ఎంత

గుండె రోగులకు వెసికిల్స్‌ను క్రమబద్ధంగా ఇచ్చిన తొలి ప్రయత్నాల్లో మెనాషే బృందం పారిస్‌లో చేపట్టిన మొదటి దశ పరీక్ష ముఖ్యమైనది. మనిషి కణాలను వెనక్కి మళ్లించి తయారుచేసిన మూలకణాల నుంచి గుండె పూర్వకణాలను పెంచి, అవి విడిచిన తిత్తులు దండిగా ఉండే ద్రావణాన్ని నరంలోకి విడతలుగా ఎక్కిస్తారు. ఎంచుకున్న రోగులు గుండెపోటు వచ్చినవారు కారు, ధమనుల అడ్డంకి కాకుండా వేరే కారణాలతో గుండె సాగి బలహీనపడినవారు. రోగుల సంఖ్య చాలా తక్కువ, మొదటి ప్రశ్న భద్రతే. ఆ దశలో మేలు జరిగినట్టు కనిపించినా, పోల్చి చూడటానికి సరైన వర్గం లేకుండా దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

ఈ జాగ్రత్త ఎందుకో మర్బాన్ కణాల చరిత్రే చెబుతుంది. 2012లో చిన్న పరీక్షలో ఆ కణాలు పొందిన రోగుల్లో మచ్చ తగ్గింది, బతికి ఉన్న కండరం పెరిగింది. అయితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతం బయటకు నెడుతోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ మారలేదు. తర్వాత దాతల కణాలతో, ఉత్తుత్తి మందుతో పోలుస్తూ పెద్ద పరీక్ష జరిపితే మచ్చ పరిమాణంలో తేడా తేలలేదు. కణాల విషయంలో జరిగింది తిత్తుల విషయంలో జరగదనడానికి కారణమేమీ లేదు. ఎలుకల్లో చూసిన మచ్చ తగ్గుదల రోగి మెట్లెక్కగలగడంగా, ఆసుపత్రిలో మళ్లీ చేరకపోవడంగా మారుతుందో లేదో చూడాలంటే పెద్ద సంఖ్యలో రోగులను, ఏ మందు ఎవరికిచ్చారో డాక్టరుకూ రోగికీ తెలియకుండా, ఏళ్లపాటు గమనించాలి.

ఈలోగా ఎక్సోసోములను అనేక జబ్బులకు మందుగా అమ్మే క్లినిక్‌లు కొన్ని దేశాల్లో వెలిశాయి. అమెరికాలోని నెబ్రాస్కాలో అలాంటి ఉత్పత్తులు తీసుకున్నవారికి తీవ్రమైన దుష్ఫలితాలు కలిగాయన్న సమాచారంతో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలకు హెచ్చరిక జారీచేసింది, ఎక్సోసోమ్ ఉత్పత్తులు వేటికీ తన ఆమోదం లేదని చెప్పింది. గుండె బలహీనపడి, ఏ ఆశ కనబడినా పట్టుకోవాలనుకునే మనిషి బాధను తక్కువ చేయలేం, అందుకే ఆ బాధను సొమ్ము చేసుకునేవారి మీద నాకు కోపం వస్తుంది. అలాంటి చికిత్స మాట వచ్చినప్పుడు రోగి గానీ కుటుంబం గానీ నిస్సంకోచంగా అడగాల్సినవి ఉన్నాయి: ఈ తిత్తులు ఏ కణాల నుంచి వచ్చాయి, ప్రతి బ్యాచ్‌లో వాటి శక్తిని ఏ పరీక్షతో చూశారు, గడ్డకట్టే గుణం ఉందో లేదో పరిశీలించారా, ఇది నమోదైన పరీక్షలో భాగమా, నాతో డబ్బు కట్టించుకుంటున్నారా. నమోదైన నిజమైన పరీక్షల్లో ప్రయోగ మందుకు రోగి సాధారణంగా డబ్బు కట్టాల్సిన పని ఉండదు, కట్టమన్నారంటే అక్కడే ఆగి తన హృద్రోగ నిపుణుడితో మాట్లాడాలి. వాడుతున్న మందులను ఈ ఇంజెక్షన్ల కోసం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు, ఎందుకంటే గుండె వైఫల్యంలో ఆయుష్షు పెంచుతాయని వేలమంది రోగుల మీద రుజువైనవి ఇప్పటికి ఆ మందులే.